మైకు మావయ్య ఫొటో

మైకు మావయ్య పోయిన రెండు వారాలకు ఆయన భార్య ఫొటో పిన్ని స్టూడియో మెట్లెక్కి వచ్చింది. మెట్లు పన్నెండే గానీ మధ్యలో రెండుసార్లు ఆగింది. పైకొచ్చి కుర్చీలో కూలబడి, చేతిసంచిలోంచి ఆయన గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఉన్నది ఆయనే, కానీ ఈ మొహం ఆయనది కాదమ్మాయ్. ఎవరో గద్దించి కూర్చోబెట్టినట్టున్నాడు. దీన్ని గోడకి తగిలించుకుని రోజూ ఎలా చూడను? నీ దగ్గర బోలెడుంటాయిగా. మంచిదొకటి ఏరి పెద్దది చేసివ్వు."

"ఎందుకుండవత్తా! ఎల్లుండికల్లా ఇచ్చేస్తా," అని మాటిచ్చేసింది ఫొటో పిన్ని.

ఆలోచించాల్సిన పనేముంది? పంతొమ్మిదేళ్లుగా ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా, బడి వార్షికోత్సవమైనా, పాలసంఘం మీటింగయినా ఫొటోలు తీసేది ఆమె, మైకు పెట్టేది ఆయన. ఇద్దరూ అందరికంటే ముందు వచ్చేవాళ్లు, అందరికంటే వెనక వెళ్లేవాళ్లు. చిన్నాపెద్దా తేడా లేకుండా జనమంతా ఆమెను పిన్ని అనేవాళ్లు, ఆయన్ని మావయ్య అనేవాళ్లు. ఆమె తీసుకొచ్చిన ఫొటోలకి మెరుగులు దిద్ది, ప్రింటు తీసి, ఫ్రేము కట్టేది ఆమె భర్త. వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చుంటే ఇక ఆయనకి లోకంతో పనిలేదు. పెళ్లి ఫొటోకి ఆయన ఫ్రేము కట్టేలోగా ఆ పెళ్లికూతురు పిల్లాడిని బళ్లో వేస్తుందని ఊళ్లో ఒక జోకు.

ఆ సాయంత్రమే పిన్ని పాత ఫొటోలు తెరిచింది. వంతెన ప్రారంభోత్సవంలో మావయ్య దొరికాడు. యాంప్లిఫయరు మీదకి వంగిన వీపు మాత్రమే. బడి వార్షికోత్సవంలో స్టేజీ పక్కనుంచి మైకు అందిస్తున్న చెయ్యి ఉంది, మణికట్టు దాకా. పాలసంఘం మీటింగులో బల్లకింద రెండు పాదాలున్నాయి. విత్తనాలు పంచిన రోజు ముఖ్య అతిథి కుర్చీ వెనక నుంచి కాస్త జుట్టు కనబడుతోంది. మర్నాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వెతికినా ఇంతే. వీపులు, మోచేతులు, ఒక చోట మాత్రం చెవి.

పిన్నికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియక మొగుడి మీద పడింది.

"పంతొమ్మిదేళ్లు పక్కపక్కనే పనిచేశాం. ఒక్క మొహం దొరకదేంటండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని అప్పుడు నోరు విప్పాడు. "పాలసంఘం ఇరవయ్యేళ్ల ఫంక్షన్లో నిలబడ్డాడు కదా, ఎడమవైపు. నవ్వుతూ ఉన్నాడు కూడా. నాకు బాగా గుర్తు."

పిన్ని ఆ ఫొటో తెరిచింది. ఎడమవైపు ముడతల్లేని నీలం పరదా ఉంది.

"ఏడీ?"

"నేనే తీసేశాను," అన్నాడాయన నిదానంగా. "నువ్వేగా చీటీ రాసి పంపావు, ఎడమవైపు మనిషిని తీసెయ్యమని."

"అసలు ఫొటో ఉందా మరి?"

"చోటు చాలట్లేదని పోయినేడాది చెరిపేశాంగా."

పిన్ని కుర్చీ ముందుకి లాక్కుంది. పరదా వంక మళ్లీ చూసింది. ఎంత శుభ్రంగా చేశాడో! మనిషి నిలబడ్డ జాడే లేదు. మొగుడి పనితనాన్ని మెచ్చుకోని రోజు లేదు ఆమెకి. ఇవాళ మెచ్చుకోలేక ఆ ఫొటో మూసేసింది.

మూడోరోజు స్కూటరేసుకుని ఊళ్లు తిరిగింది. మైకు పెట్టించుకున్న ప్రతి ఇంటి తలుపూ తట్టింది. ఎవరి ఫోను చూసినా ఒకటే కథ. "అయ్యో, మావయ్య మా పిల్లదాని పెళ్లికొచ్చాడు కదా, ఉంటాడు చూడు," అని ఫోను చేతికిచ్చేవాళ్లు. అందులో ఉండేవాడు కాదు. బడి పెద్దటీచరమ్మ ఏకంగా గంటన్నర వీడియో పెట్టింది. దాన్నిండా ఆయన గొంతే. హలో, హలో, పిల్లలూ కాస్త సర్దుకోండి, దాహమైన వాళ్లకి మంచినీళ్లు కుడివైపున్నాయి. గొంతు గదంతా పరుచుకుంది. మనిషి మాత్రం ఎక్కడా లేడు.

"గొంతుకి ఫ్రేము కట్టించలేం కదండీ," అంది పిన్ని, ఆవిడ మీద కూడా విసుక్కుంటూ.

సాయంత్రం స్టూడియోకి తిరిగొచ్చేసరికి అత్త ఫోను చేసింది. "ప్రింటరు మొరాయించిందత్తా, రేపు తప్పకుండా," అని అబద్ధమాడింది. ఫోను పెట్టేశాక తన మీద తనకే చిరాకేసింది. ప్రింటరు పక్కనే నిక్షేపంగా పని చేస్తూ, ఎవరిదో గృహప్రవేశం ఆల్బం పేజీ మీద పేజీ కక్కుతోంది.

నాలుగోరోజు ఇక దిక్కుతోచక, ఎవరూ అడక్కుండా తన సరదాకి తీసుకున్న ఫొటోలు తెరిచింది. నాగళ్లు, పాలక్యాన్లు, రోడ్డు దాటే గొర్రెల మంద, వరిమోపులు మోసే ఆడవాళ్లు. వాటిని కొనేవాళ్లు లేరు, చూసేవాళ్లూ లేరు. అక్కడ, వానలో దిగబడ్డ వ్యాను ఫొటో కనబడింది. ఎనిమిదిమంది కలిసి బండిని తోస్తున్నారు. వాళ్లలో మైకు మావయ్య! నోరు బార్లా తెరిచి, మెడనరాలు ఉబ్బి, నుదుటి మీద బురద. ఎడమ బుగ్గ మాత్రం ఒక తెల్లచొక్కా భుజం వెనక దాక్కుంది.

ఆ భుజం పాలసంఘం ప్రెసిడెంటు గారిది. మిగతా ఏడుగురి చేతులూ బండికి అతుక్కుపోతే, ఆయన రెండు వేళ్లు ఆనించి కెమెరా వైపు చూస్తున్నాడు. ఆ రోజు ఆమెకి బాగా గుర్తు. కెమెరా బయటికి తీసే దాకా ఆయన గొడుగు కిందే ఉన్నాడు.

"ఈ భుజం తీసెయ్యండి," అంది మొగుడితో.

ఆయన చాలాసేపు చూశాడు. "తీస్తే వెనక బుగ్గ ఉండదు. నేను గీయాలి. నేను గీసింది ఆయన బుగ్గ ఎందుకవుతుంది?"

"అన్నేళ్లు ఆ మనిషిని తీసెయ్యడం వచ్చింది, ఒక్క భుజం తీయడం రాదా మీకు?"

ఆయన కంప్యూటరు వైపు తిరిగాడు. ఆమె ఆ మాట అన్నందుకు బాధపడింది గానీ వెనక్కి తీసుకోలేదు. ఆయన వెలుగు సరిచేసి, ఎంతవరకు కత్తిరించవచ్చో అంతవరకు కత్తిరించి, భుజాన్ని భుజంలాగే ఉంచేశాడు. మధ్యాహ్నానికల్లా ఫ్రేము కూడా కట్టేశాడు. పెళ్లయ్యాక ఆయన ఒక్కపూటలో పని ముగించడం ఆమె చూడటం అదే మొదలు.

అత్త ఇల్లు రెండు గదులు. ముందుగదిలో సగం స్పీకరు డబ్బాలే, మీద దుప్పటి కప్పి ఉన్నాయి. ఆవిడ ఫ్రేముని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

"కేకలేస్తున్నాడు."

"అవునత్తా."

"ఇంతకంటే లేవా?"

"లేవత్తా."

"పంతొమ్మిదేళ్లలో?"

పిన్ని నేల చూపులు చూసింది. "ఫ్రేములోకొస్తున్నావు, పక్కకి జరుగు మావయ్యా అని నేనే అనేదాన్ని. జరిగేవాడు."

అత్త ఇంకా అర్థం కానట్టు చూస్తోంది. "అదేంటమ్మాయ్. ఫంక్షనుకి వెళ్లొచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ఇవాళ కూడా పిన్ని నన్ను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసింది, ముందు నాకు తీశాకే తక్కినవాళ్లకి తీస్తుంది అని. పది కాదు, వంద ఉంటాయన్నాడే!"

ఉన్న మాటే అది. జనం రాకముందు పిన్ని ముఖ్య అతిథి కుర్చీలో మావయ్యని కూర్చోబెట్టి వెలుగు సరిపోయిందో లేదో చూసుకునేది. ఆయన జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని కూర్చునేవాడు. రెండు ఫొటోలు తీసి, చూసుకుని, అక్కడికక్కడే చెరిపేసేది.

అబద్ధమాడటానికి వీలుంది. కంప్యూటరు పాడైంది, అన్నీ పోయాయి అంటే అత్త నమ్ముతుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"అవి వెలుగు చూసుకోడానికి తీసినవత్తా," అంది చివరికి. "అప్పుడే చెరిపేసేదాన్ని. ఆయనకి తెలియదు."

అత్త ఫ్రేముని స్పీకరు డబ్బా మీద పెట్టింది. తిడితే బాగుండుననిపించింది పిన్నికి. ఆవిడ లోపలికెళ్లి సుత్తీ మేకులూ తెచ్చింది.

"నాకు అందదు. నువ్వు కొట్టు."

గోడ వట్టి పెళుసు. మొదటి మేకు వంగింది, రెండోది పెచ్చుతో సహా ఊడొచ్చింది. మూడోది గుంజకి దగ్గరగా కొడితే నిలబడింది. ఫొటో తగిలించి చూస్తే కాస్త పక్కకి ఒరిగింది. సరిచేయబోతే అత్త వద్దంది.

"ఆ తెల్లచొక్కా ఎవరిది?"

"ప్రెసిడెంటు గారిది."

"అడ్డమే ఎప్పుడూ," అని చెంగుతో అద్దం తుడిచింది అత్త.

వారం తిరక్కుండా ప్రెసిడెంటు గారు స్వయంగా స్టూడియోకి వచ్చారు. ఎక్కిన ఆయాసం తీరకముందే మొదలుపెట్టారు.

"ఏంటమ్మా, మైకాయన ఇంట్లో ఫొటోలో నన్ను సగానికి కోసేశావట! మొత్తం ఫొటో ఉంటుందిగా, ఒకటి పెద్దది కట్టివ్వు. నేను బండి తోస్తున్నది. ఆఫీసులో పెట్టుకుంటా. జనంతో కలిసి పనిచేసినట్టుంటుంది."

"అందులో మీరు తోయట్లేదు సార్."

"అబ్బ, అది జనానికేం తెలుసు?"

"నాకు తెలుసు కదండీ. ఆ ఆర్డరు నేను తీసుకోను."

ఆయన నవ్వాడు, వేళాకోళమనుకుని. ఆమె మొహం చూశాక నవ్వు ఆపేశాడు. "చాలా పెద్దదానివైపోయావు," అని విసురుగా లేచి, మెట్లు దడదడలాడిస్తూ దిగిపోయాడు. వచ్చే నెల పాలసంఘం వార్షికోత్సవానికి ఇంకెవరినో పిలుస్తాడని ఇద్దరికీ తెలుసు.

వెనకగదిలోంచి మొగుడు తొంగిచూశాడు. "వెళ్లాడా?"

"వెళ్లాడు."

"నువ్వు ఒప్పుకున్నా నేను కట్టేవాణ్ణి కాదులే," అని తల లోపలికి లాక్కున్నాడు.

పిన్ని కెమెరా అద్దం తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే మళ్లీ మళ్లీ తుడిచింది. అంతమాట అనేస్తే మనసు తేలికపడుతుందనుకుంది గానీ కోపం రవ్వంత కూడా తగ్గలేదు. ఆ కోపం ప్రెసిడెంటు మీద కాదని ఆమెకి తెలుసు.