కథలో లేని అక్క

చెల్లెలు రాసిన కథ పత్రికలో పడిందని తెలియగానే అక్క కుడుతున్న జాకెట్టును మిషను మీదే వదిలేసి లైబ్రరీకి పరుగెత్తింది. ఇద్దరికీ మాటలు లేక ఆరేళ్లయింది. నచ్చినవాణ్ణి చేసుకుని వెళ్తున్న పిల్లతో "ఈ గడప దాటితే నీకు అక్క లేదనుకో" అన్నది తనే. నోటికొచ్చినంత మాటా అనేసి, ఆనాటి నుంచి ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నదీ తనే.

కథలో అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, గోడ దూకి వచ్చి పాలు తాగిపోయే పిల్లి కూడా ఉంది. అక్క మాత్రం లేదు. పిల్లికి దొరికినపాటి చోటు తనకు దొరకలేదని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఒక్కసారి చదివేసి కథ మీద అలుగుతారా?" అంది లైబ్రేరియనమ్మ. దొరికినవాళ్లను కూర్చోబెట్టి ఒకే కథను పదేపదే చదివించడం ఆవిడకున్న పిచ్చి. "మొదటిసారి ఏం జరిగిందో చూస్తాం. రెండోసారి ఎవరి మధ్య జరిగిందో చూస్తాం. మూడోసారి ఎవరు చెబుతున్నారో చూడండి."

"చూసేదేముందండీ? 'నేను' అంటే మా చెల్లెలే. రాసింది అదేగా!"

"రాసినావిడ వేరు, కథ చెప్పే మనిషి వేరు. ఆ 'నేను' రోజంతా ఏం చేస్తోందో చూడండి."

మళ్లీ చదివింది. ఆ 'నేను' దారాన్ని పంటితో కొరుకుతుంది. సూదంటే ఆమడ దూరం పారిపోయే పిల్ల కథలో ఈ గొప్పలేమిటని ఇందాక విసుక్కుంది కూడా. ఆ 'నేను' ఎవరో చిన్నపిల్లకు జడలు వేస్తుంది. అందరూ తిన్నాకే తింటుంది. కోపం ముక్కు మీదే ఉంటుంది. చదువుతున్న అక్క వేలు ఆ వాక్యం మీదే ఆగిపోయింది. ఆ మనిషి తనే.

ఇక చివరి పేరా. పిల్ల పెట్టె పట్టుకుని వెళ్లిపోతుంటే ఆ 'నేను' కిటికీ పరదా వెనక నిలబడి చూస్తుంది. పిలిస్తే ఆగిపోతుందని పిలవదు. ఆరేళ్ల నాటి తన కోపానికి చెల్లెలు ఎంత మంచి కారణం వెతికి పెట్టిందో చూసి అక్కకు గుండె తరుక్కుపోయింది.

ఇన్నాళ్లూ నోటికి వచ్చి కూడా నొక్కని నంబరును లైబ్రరీ బయటికొచ్చి నొక్కింది.

"అక్కా?"

"కథ చదివానే. ఒకటి తప్పు రాశావు. నేను కిటికీ దగ్గర ఆగలేదు. బస్టాండు దాకా వచ్చాను."



"ఎక్కడ నిలబడ్డావక్కా?" ఏడుస్తూ అడిగింది చెల్లెలు. "బస్సు కదిలేదాకా నీకోసమే చూశాను."