కుళాయి పైపుకి చలికట్టు

సముద్రం మధ్య దీవిలో ఉన్న డాలీగంజ్‌లో డిసెంబరులో కూడా ఫ్యాను ఆపితే వీపు తడిసిపోతుంది. అలాంటి చోట పుష్పవతమ్మగారి కుళాయి పైపుకి మాత్రం చలేస్తుందని నీళ్ల ఆఫీసుకి తెలిసింది. చలికి గడ్డకట్టి పగలకుండా పైపులన్నిటికీ గుడ్డ చుట్టాలని ఎక్కడో మంచు కురిసే ఊళ్లో కూర్చున్నవాళ్లు ఉత్తర్వు పంపారు. ఆఫీసువాళ్లు వచ్చి, మురుగుకాలవ మీదుగా పోయే ఆవిడ పైపుకి గోనెపట్టా, దానిమీద నల్ల ప్లాస్టిక్కు, దానిమీద తాడు వేసి, బాలింతకి నడికట్టు బిగించినట్టు బిగించి వెళ్లారు.

గోనె కాలవని శ్రద్ధగా పీల్చింది. లోపలున్న ముసలి ఇనుప అతుకు తుప్పుపట్టి తొర్రపడింది. కుళాయిలో టీ రంగు నీళ్లు రావడం మొదలైంది.

తాగడానికి చర్చి బావి నుంచి బిందెతో తెచ్చుకుంటున్నారు. కానీ నెలల పిల్లవాడికి స్నానం చేయిస్తుంటే కుళాయి నీళ్లే నోట్లోకి పోయేవి. వాడికి విరేచనాలు పట్టుకున్నాయి.

"నీళ్లు బాగయ్యేదాకా బాబుని ప్రోతరాపూర్ తీసుకెళ్తానత్తయ్యా. అమ్మ దగ్గర ఓ నాలుగు రోజులుంటాను," అంది కోడలు ఫేబే.

నాలుగు రోజులు అనే మాటని పుష్పవతమ్మ నమ్మదు. భర్త యేసురాజు నాలుగు రోజులనే ఆసుపత్రి కోసం విశాఖ ఓడెక్కి తిరిగి రాలేదు. పెద్దకూతురు నాలుగు రోజులనే మాయాబందర్ వెళ్లి అక్కడే కాపురం పెట్టింది. కొడుకు ఉద్యోగం ఎలాగూ ఓడ మీదే. ప్రోతరాపూర్ బస్సులో అరగంట దూరం కూడా లేదని ఆవిడకీ తెలుసు. ఓడకి ఊపినా బస్సుకి ఊపినా చెయ్యి ఒకటే.

నీళ్ల ఆఫీసు లైన్‌మన్ జోగులు దగ్గరికి వెళ్లింది. "ఆ కట్టు విప్పి అతుకు మార్చు నాయనా."

"ఎలా ఇప్పుతాను పిన్నీ? చలికాలం అయిపోయిందని ఆర్డరు రావాలి."

"ఇక్కడ చలేదిరా?"

"నీకూ నాకూ తెలుసు. ఫైలుకి తెలీదు కదా. నీళ్లు ఖరాబని టెస్టులో తేలితే మాత్రం సాబ్ ఇప్పమంటాడు. రేపొస్తాం, ఓ సీసాడు నీళ్లియ్యి చాలు."

జోగులు ఒక్కడే వచ్చినా సరిపోయేది. ఇస్త్రీ చొక్కాతో సాబ్ కూడా వచ్చి, కుర్చీలో కూర్చుని, సీసా చేతికిస్తూ "మా-జీ, పానీ," అని హిందీలో అడిగాడు. ఆవిడ లోపలికెళ్లి కుళాయి తిప్పింది, రంగు చూసింది, కట్టేసింది. మరిగించి నాలుగు మడతల గుడ్డలో వడగట్టిన బావి నీళ్లు సీసా నిండా పోసి, మూతి తుడిచి, రెండు చేతులతో ఇచ్చింది.

రిపోర్టు వచ్చింది. నీరు అత్యుత్తమం, చలికట్టు పుణ్యమేనట. మిగతా వీధికి కూడా చుట్టమన్నారు.

"ఏ నీళ్లిచ్చారత్తయ్యా?" అంది ఫేబే.

"ఇంటికొచ్చినవాడికి ఆ నీళ్లెలా ఇస్తానే?"

"తాగడానికా ఏమిటి? టెస్టుకి!"

"చేతికిచ్చాక రెండూ ఒకటే."

ఫేబే కడుపుబ్బ నవ్వింది. నవ్వుతూనే పిల్లవాడి బట్టలు సంచిలో సర్దింది.

పుష్పవతమ్మ ఆఫీసుకి పరుగెత్తింది. "సాబ్, వో పానీ మా కుళాయిది కాదు. బావిది. మరిగించి వడగట్టి ఇచ్చాను," అని వచ్చిన హిందీలో మొరపెట్టుకుంది. సాబ్ ఎంతో శ్రద్ధగా విన్నాడు. ఎంతసేపు మరిగించారు, గుడ్డ ఎన్ని మడతలు అని అడిగి రాసుకున్నాడు. ఇక పని జరిగినట్టేననుకుని ఆవిడ ప్రార్థన చేసుకుంటూ ఇంటికొచ్చింది. మర్నాడు గోడమీద కొత్త కాగితం అంటించారు: టెస్టుకి నీళ్లిచ్చేవారు వాటిని మరిగించి, నాలుగు మడతల గుడ్డలో వడగట్టి మరీ ఇవ్వవలెను.

ఆ కాగితం చదివాక ఫేబే పిల్లవాణ్ణి చంకనేసుకుని, సంచి పట్టుకుని గుమ్మం దిగింది.

పుష్పవతమ్మ కొబ్బరికాయలు కొట్టే కత్తి తీసుకుని కాలవగట్టుకి వెళ్లి, కట్టు మీద వేటు వేసింది. తాడు తెగింది, గోనె జారింది. చెయ్యి ఆగలేదు. అతుకు కూడా ఊడిపోయింది. కుళాయికి నీళ్లొచ్చే రోజు కావడంతో రోడ్డంతా ఏరైంది. రోడ్డు మీద నీళ్లు పోతే ఆఫీసుకి నామోషీ. జోగులు సైకిలు మీద పడుతూ లేస్తూ వచ్చాడు.

"ఏటిది పిన్నీ?"

"పగిలింది నాయనా."

అతను ఆవిడ చేతిలో కత్తి చూశాడు. నీళ్ల పక్కన ఆగిపోయిన ఫేబే చేతిలో సంచి చూశాడు.

"పగిలితే ఏ ఆర్డరూ అక్కర్లేదులే, మార్చేస్తాను. చలికి పగిలిందని రాస్తాను. కారణం అన్నచోట ఈ నెలంతా అదొక్కటే రాయనిస్తారు."

సాయంత్రానికి కొత్త పైపు ముక్క పడింది. మొదట కాసేపు ఎర్రగా వచ్చి, తర్వాత అడుగు కనబడేంత తేటగా బకెట్టు నిండింది. దీవుల్లో చలికి పైపు పగలడం ఇదే మొదటిసారని సాబ్ సంబరంగా పైకి రాశాడట. వచ్చే ఏడాదికి ఇంకా మందమైన గోనె పంపుతారట.

ఫేబే పిల్లవాడికి ఆ నీళ్లతోనే స్నానం చేయించింది. సంచి తీసుకెళ్లి మంచం కింద పెట్టింది. విప్పలేదు. పుష్పవతమ్మ ఆ సంచి ఊసెత్తకుండా, దానికి అడ్డంగా తన చాప పరుచుకుంది.