ఎర్ర కారు బేరం

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ డేవిడ్ రాజు ఎర్ర కారును చూసి ఉండరు గానీ, చూసి ఉంటే ఇంకాస్త ఘాటుగా అని ఉండేవాళ్ళు.

రెడ్డిగూడేనికి మైలు దూరంలో నాలుగెకరాల మామిడితోట, తోటలో చిన్న డాబా, డాబా పక్కన కాయ మాగబెట్టే రేకుల షెడ్డు. ఆ షెడ్డులో వరిగడ్డి మీద పరిచిన చిన్నరసాల పక్కన, పాత దుప్పటి కప్పుకుని ఒక స్పోర్ట్స్ కారు ఉంది. రెండే సీట్లు. గుడ్డ టాపు వెనక్కి మడిచేస్తే పైన ఇంకేమీ ఉండదు. అలాంటి కార్లు చెయ్యడం ఎప్పుడో మానేశారు. ఏడేళ్ళ క్రితం నూజివీడు బస్సు డిపోలో డ్రైవరుగా రిటైరైన నెలలోనే డేవిడ్ రాజు దాన్ని విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. రిటైరైన డబ్బుతో ఎవరైనా స్థలం కొంటారు, లేకపోతే బంగారం కొంటారు, ఇదేం వేషం అని ఊరు నవ్వింది. అతని భార్య లేయా మాత్రం నవ్వలేదు.

"ముప్పై ఒక్కేళ్ళు యాభై మందిని ఎక్కించుకుని తిరిగాడు. ఇప్పుడు నన్నొక్కదాన్నే ఎక్కించుకుని తిరుగుతానంటున్నాడు. తిరగనివ్వండి," అంది.

తిరిగారు. చర్చికి, చింతలపూడి సంతకి, కొల్లేటి గట్టు దాకా కూడా తిరిగారు. ఇప్పుడు దాన్ని అమ్మాలి. జూన్ ఏడో తారీకుతో పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ ఫిట్‌నెస్ అనీ, కొత్త కాగితాలనీ తిరగాలి. అంత తంటా నెత్తినేసుకుని పాత కారు కొనేవాడు కృష్ణా జిల్లా మొత్తం వెతికినా దొరకడు. పాత ఇనుము కొనే గోపి అప్పుడే రెండుసార్లొచ్చి, కారు చుట్టూ తిరిగి, కళ్ళతోనే తూకం వేసుకుని పోయాడు.

"తుక్కు కింద ఇవ్వను," అన్నాడు డేవిడ్ రాజు. "నడిపేవాళ్ళకే ఇస్తాను. జూన్ ఏడు లోపలే ఇస్తాను."

ఫోనులో ప్రకటన పెట్టే పని లేయా తీసుకుంది. ఎర్ర కారు ఒక్కటే ఉంటే ఫొటో బోసిగా ఉందని, ముందు బానెట్ మీద గంపెడు రసాలు అందంగా పేర్చి తీసింది. మామిడికాయ పెట్టకుండా ఏ ఫొటో అయినా ఎలా తీస్తారో ఆవిడకు తెలియదు. మొదటి వారంలో ఇరవై ఫోన్లొచ్చాయి. అందులో పదహారు మంది టన్ను ఎంతకిస్తారని అడిగారు. ఇద్దరు పెట్టెల్లో కట్టి హైదరాబాదు పంపిస్తారా అన్నారు. లేయా నొచ్చుకోలేదు, నాలుగు పెట్టెలు అమ్మింది కూడా. కారు మాత్రం అలాగే ఉంది.

తర్వాత ట్రిపుల్ ఐటీ పిల్లలు ఆరుగురొచ్చారు. రెండు సీట్లలో ఆరుగురూ ఎలా పట్టారో దేవుడికే తెలియాలి. గంటసేపు ఫొటోలు దిగి, తలో రెండు కాయలు తిని, "సూపర్ అంకుల్" అని ఆటో ఎక్కారు. ఆ తర్వాత నూజివీడులో స్టూడియో ఉన్న సంతోష్ కుమార్ వచ్చాడు. పెళ్ళికి ముందు జంటల చేత ఫొటోలు దిగించే వ్యాపారం అతనిది. అడిగినంతా ఇస్తానన్నాడు.

"ఇంజను నాకెందుకండీ, తీసేసుకోండి. కారు తోటలో ఒక చోట నిలబెట్టేస్తాను. జంట వచ్చి కూర్చుంటుంది, క్లిక్ కొడతాం."

"నడవదా?"

"ఎందుకు నడవాలండీ?"

డేవిడ్ రాజు లేచి దుప్పటి కప్పేశాడు. సంతోష్ కుమార్ వెళ్ళాక, ఆ పూట లేయా పెట్టిన చారులో ఉప్పు రెండుసార్లు పడింది.

నిజంగా కొందామని వచ్చినవాళ్ళు లేకపోలేదు. ముగ్గురొచ్చారు. ముగ్గురూ ఒకే చోట ఆగిపోయారు.

"ఒక్క రౌండ్ నడిపి చూపించండి," అంటారు.

"తాళం ఇదిగో. మీరే చూసుకోండి," అంటాడు డేవిడ్ రాజు.

సొంత కారు ఎక్కడానికి ఓనరే వెనకాడుతుంటే కొనేవాడికి అనుమానం రాదా? పైగా ఆ కారుకి రెండో గేరు మొండిది. పాత బస్సులకు వేసినట్టు దానికి డబుల్ క్లచ్ వెయ్యాలి. క్లచ్ తొక్కి, న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, మళ్ళీ తొక్కి వేస్తే వెన్నలా పడుతుంది. మామూలుగా వేస్తే తోటంతా వినపడేలా కీచుమంటుంది. ముగ్గురూ గేటు దాకా వెళ్ళారు, కీచుమనిపించారు, గేర్‌బాక్స్ పోయిందని తేల్చుకుని దిగిపోయారు. పక్క సీట్లో కూర్చుని చెబితే ఒక్క నిమిషం పని. కానీ డేవిడ్ రాజు ఆ ఎడమ సీట్లో కూర్చోడు.

ఎందుకు కూర్చోడో లేయాకు ఒక్కదానికే తెలుసు. అతనికి కళ్ళలో నీటికాసులు. మూడేళ్ళ క్రితం మొదలై, ఎడమ కన్నును పూర్తిగా తినేసి, కుడి కంటికి గొట్టంలోంచి చూసినంత మేర మాత్రం మిగిల్చింది. ఎదురుగా నిలబడితే మనిషిని పోల్చుకుంటాడు. అదే మనిషి రెండడుగులు పక్కకు జరిగితే ఇక లేనట్టే. ఇంట్లో, తోటలో అడుగులు లెక్క పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఎవరూ పసిగట్టలేదు. కారు ఎందుకు తియ్యట్లేదని అడిగితే రోడ్డు గుంతలను తిట్టేవాడు. ఆ గుంతలు మోసినన్ని తిట్లు ఇంజనీర్లు కూడా మోసి ఉండరు.

అతని భయం కంటి గురించి కాదు. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క యాక్సిడెంట్ లేని డ్రైవరని డిపోలో అతనికి శాలువా కప్పారు. అలాంటివాడు ఎడమ సీట్లో కనిపిస్తే ఎందుకని కూపీ తీస్తారు. కళ్ళు పోయాయని తెలిస్తే జనం లెక్క వెనక్కి వేస్తారు. అంటే రిటైరయ్యే నాటికే కనపడేది కాదన్నమాట, మనందర్నీ గుడ్డిగానే తిప్పాడన్నమాట, అంటారు. ఆ ఒక్క మాట పడటం కన్నా చావడం నయమని అతను నిజంగానే అనుకున్నాడు.

మే ఆఖరి వారంలో సుప్రజ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చింతలపూడిలో ట్రాక్టర్ల రిపేరు షెడ్డు నడుపుతుందట, బస్సు దిగి మైలు దూరం నడిచి వచ్చింది. భుజానికి పనిముట్ల సంచి. వచ్చీ రాగానే మంచినీళ్ళు తాగి, దుప్పటి తీసి, కారు కిందకు దూరింది. ఇరవై నిమిషాల తర్వాత బయటికి వచ్చి జుట్టులో గడ్డి దులుపుకుంది.

"కింద తుప్పు తక్కువే బాబాయ్ గారూ. వైర్లు రెండు చోట్ల ఎలకలు కొరికాయి. సీట్లకి మామిడిపండు వాసన పట్టేసింది."

"అది పోదమ్మా," అన్నాడు డేవిడ్ రాజు.

"పోవద్దులెండి." ఆమె వెనక ఎడమ వైపు కూర్చుని బంపర్ మీద చేత్తో తడిమింది. "ఈ గీత ఈమధ్యదే. ఎక్కడ తగిలింది?"

ముందొచ్చిన ముగ్గురూ అదే అడిగారు. ముగ్గురికీ షెడ్డు గుమ్మం అని చెప్పాడు. ఇప్పుడూ అదే మాట నాలుక చివర దాకా వచ్చింది.

"ఒకసారి మీరు నడిపి చూపించండి. ఇంజను మీ చేతిలో ఎలా పలుకుతుందో వినాలి," అంది సుప్రజ.

అతను తాళం పట్టుకుని చెయ్యి చాచాడు. ఆమె నిలబడింది సరిగ్గా ఎదురుగా కాదు, కాస్త ఎడంగా. తాళం గాలిలోనే ఉండిపోయింది. సుప్రజ కదలకుండా ఒక్క క్షణం చూసి, రెండడుగులు జరిగి, అతని చూపులోకి వచ్చి తాళం అందుకుంది. ఆమె కనిపెట్టేసిందని అతనికి అర్థమైంది.

అబద్ధం చెప్పి అమ్మితే ఈ పిల్లకి అమ్మినట్టు కాదు, అంటగట్టినట్టు. ఏడు వారాలుగా బిగించి పట్టుకున్న పట్టు అక్కడే మరో వైపు తిరిగింది. అమ్మి తీరాలి, నిజం చెప్పే అమ్మాలి.

"కారుకి లోపం లేదమ్మా. నాకుంది," అన్నాడు. "కళ్ళు పోయాయి. పోయిన క్రిస్మస్ ముందు ఆదివారం నేనొక్కణ్ణే పోతుంటే చర్చి గేటు స్తంభానికి రాసుకుంది. ఆ స్తంభం పక్కనే పదేళ్ళ పిల్ల సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. బెల్లు కొడుతూనే ఉంది. విన్నాను. ఎక్కడుందో కనపడలేదు. రెండడుగులు ఇటైతే..." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ రోజు దిగినవాణ్ణి మళ్ళీ ఎక్కలేదు."

గుమ్మంలో నిలబడ్డ లేయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళ సంగతి ఆవిడకు తెలుసు, ఆ పిల్ల సంగతి తెలియదు.

సుప్రజ తాళం గుప్పిట్లో పెట్టుకుని, "ఇంత పాత బండికి ఏదో ఒక గేరు మొండికేస్తుంది. దీనికేది?" అని అడిగింది.

"రెండోది. డబుల్ క్లచ్ కావాలి."

"మా నాన్న ట్రాక్టరూ అంతే. అయితే ఇది నేను నడపగలను. ధర మాట్లాడుకుందామా?"

"అడుగు."

"నోటితో వద్దు," అంది ఆమె. "మా నాన్న ముప్పై ఏళ్ళు మామిడితోటలు కొన్నాడు. తువ్వాలు వెయ్యండి."

డేవిడ్ రాజు నవ్వాడు. చాలా నెలలకు నవ్వాడు. మామిడి బేరాల్లో పాతకాలం మనుషులు నోటితో ధర చెప్పరు. రెండు చేతుల మీద తువ్వాలు కప్పి, కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. చుట్టూ వంద మంది నిలబడినా ఆ ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది, తర్వాత కూడా బయటపెట్టరు. చూపుతో పని లేని బేరం ఈ భూమ్మీద అదొక్కటే.

భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు. ఆమె చెయ్యి కిందికి వచ్చింది. బొటనవేలి పక్కన వెల్డింగ్ కాలిన మచ్చ గట్టిగా తగిలింది. గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి, అరచెయ్యి కాయలు కాచింది. ఆమె కొన్ని వేళ్ళు పట్టుకుంది. అతను తల అడ్డంగా ఊపి, తన లెక్క చెప్పాడు. ఆమె ఆలోచించి ఒకటి కలిపింది. అతను ఆ చేతిని ఇంకాసేపు అలాగే ఉంచుకుని, తన లెక్కలోంచి ఒకటి తీసేశాడు. లేయాకు తువ్వాలు కదలడం ఒక్కటే కనిపించింది.

"అయిందా?" అంది ఆవిడ.

"అయింది."

"ఎంత?"

"తువ్వాలు కింది మాట లేయా," అన్నాడు డేవిడ్ రాజు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకు దక్కని సమాధానం అదొక్కటే.

జూన్ మూడున కాగితాల పనికి ఇద్దరూ నూజివీడు ఆర్టీఓ ఆఫీసుకి బయలుదేరారు. సుప్రజ కుడి వైపు ఎక్కింది. డేవిడ్ రాజు బానెట్ మీద చెయ్యి వేసుకుంటూ అటు తిరిగి వచ్చి, ఎడమ తలుపు ముందు ఆగాడు. బస్సులో గానీ కారులో గానీ స్టీరింగ్ తన చేతిలో లేకుండా కూర్చున్న గుర్తు లేదు అతనికి. తలుపు తీసి కూర్చున్నాడు.

"తొక్కు. న్యూట్రల్. వదులు. మళ్ళీ తొక్కు. ఇప్పుడు వెయ్యి."

గేటు దాటకముందే రెండోది చప్పుడు లేకుండా పడింది. సుప్రజ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వడం అతనికి కనపడలేదు గానీ తెలిసింది.

ఆఫీసులో సంతకాలయ్యాక, "ఇంటి దగ్గర దింపేస్తాను బాబాయ్ గారూ, చుట్టు రోడ్డులో పోదామా?" అంది ఆమె.

"వద్దు. బస్టాండు మీదుగా పోనియ్యి."

బస్టాండు ముందు కాయల లారీలు అడ్డం ఉండి కారు ఆగింది. డిపో మనుషులు నలుగురు టీ తాగుతున్నారు. అతనితో పన్నెండేళ్ళు కండక్టరుగా తిరిగిన మార్టిన్ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"ఏంటి రాజన్నా, ఎడమ పక్కన కూర్చున్నావ్?"

డేవిడ్ రాజు తల తిప్పి, అతన్ని వెతికి పట్టుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు. "కళ్ళు పోయాయి మార్టిన్. నీటికాసులు. మూడేళ్ళయింది. బస్సు దిగేనాటికి బాగానే ఉన్నాయి. అప్పటి మెడికల్ కాగితం ఇంట్లో ఉంది, ఎవరైనా అడిగితే వచ్చి చూసుకోమను. కారు అమ్మేశాను."

మార్టిన్ గ్లాసు పక్కన పెట్టేశాడు. డేవిడ్ రాజు చేతులు ఒళ్ళో బిగించుకుని, రాబోయే మాట కోసం కూర్చున్నాడు.

"కాగితం ఎవడడుగుతాడన్నా," అన్నాడు మార్టిన్. "పన్నెండేళ్ళు నీ వెనకే ఉన్నాను కదా." ఇక ఉండబట్టలేక, "ఎంతకిచ్చావ్?" అన్నాడు.

"అది మాత్రం చెప్పను."

లారీలు కదిలాయి. మార్టిన్ వెనక్కి నడిచి, రోడ్డు మధ్యలో నిలబడి, అటూ ఇటూ చూశాడు. తర్వాత ఎర్ర కారు వెనక రేకు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

"రైట్... రైట్..."

ఎడమ సీటు ముందు ఏ పెడలూ లేదు. అయినా డేవిడ్ రాజు కాలు, అలవాటైన చోట, క్లచ్ తొక్కింది.