గంప అడుగున మంచివి

ఎవరైనా మంచి కాయలు పైన పేర్చి, దెబ్బతిన్నవి అడుగున దాస్తారు. రైతుల సంతలో మూల కొట్టు పెద్దాయనది సరిగ్గా ఎదురు పద్ధతి. పగుళ్ళిచ్చిన టమాటాలు, వంకర తిరిగిన వంకాయలు, ఎండకు కమిలిన మిరపకాయలు గంప పైన పెట్టేవాడు. నిగనిగలాడే సరుకంతా అడుగున ఉండేది. అందుకే సంతలో ఆయనకు 'తలకిందుల పెద్దాయన' అని పేరు పడింది. తెలియనివాళ్ళు ఆ గంపలు చూసి మూతి విరిచి పక్క కొట్టుకు పోయేవారు. తెలిసినవాళ్ళు మాత్రం సంచి తెరిచి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, కబుర్లు చెబుతూ చూడకుండానే ఏరుకునేవారు. పై సరుకును ఆ పూటకే వండుకునేవాళ్ళు చవగ్గా పట్టుకుపోయేవారు. మధ్యాహ్నానికి గంపలు దులుపుకుని ఇంటికి పోవడమే.

మోకాలి ఆపరేషన్ తరువాత పెద్దాయన ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. సంత కార్యదర్శి ఇంటికొచ్చి, పరామర్శ అయ్యాక, అసలు మాట బయటపెట్టాడు.

"కొట్టు ఉంచుకుంటారో వదిలేస్తారో నెలాఖరుకి చెప్పండి. ఆ మూల కోసం కాచుకు కూచున్నవాళ్ళు చాలామందున్నారు."

"వదిలేస్తాం లెండి," అన్నాడు పెద్దాయన. "డిగ్రీ చదివిన పిల్ల గంపల ముందు కూచోవడం ఏం బాగుంటుంది?"

ఆ డిగ్రీ చదివిన పిల్ల గుమ్మంలోనే ఉంది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమే. కార్యదర్శి వెళ్ళేదాకా ఆగి తండ్రి ముందు నిలబడింది.

"ఎవరి ఆఫీసులోనో ఎవరి సరుకో లెక్కరాసే కన్నా, మన కాయలు మనం అమ్ముకోవడం నయం కదా నాన్నా? నాకు ఈ పనే కావాలి."

"అమ్మడమంటే పరీక్ష రాసినట్టు కాదు తల్లీ."

"నెలాఖరు దాకా నడపనివ్వు. నావల్ల కాకపోతే నువ్వే వదిలెయ్యి, మళ్ళీ నోరెత్తను."

"నువ్వు నోరెత్తకపోవడమా! సరే, అదీ చూద్దాం," అన్నాడు తండ్రి.

మొదటి వారం ఆమె తండ్రి పెట్టినట్టే పెట్టింది. కొత్తవాళ్ళు గంపల వంక ఒక చూపు విసిరి వెళ్ళిపోతుంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంది. రెక్కలు ముక్కలు చేసుకుని పండించిన సరుకును అడుగున దాచి, చూసేవాళ్ళకు గాయాలు చూపించడం ఏం తెలివి? రెండోవారం గంపలన్నీ తిరగేసి సర్దింది. మంచివి పైన. అవి అమ్ముడయ్యాక అడుగువి బయటపడితే, అప్పుడు చవగ్గా ఇచ్చేయవచ్చు. ఆమె వేసుకున్న లెక్క అంతే. ఎవరినీ మోసం చేద్దామన్న ఊహ ఏ కోశానా లేదు.

పక్క కొట్టులో తేనె అమ్మే బాబాయి నడుం మీద చేతులేసుకుని చూశాడు. "ఏంటమ్మాయ్, తలకిందుల కొట్టు కాళ్ళ మీద నిలబడిందే!"

"కంటికి నచ్చితేనే చెయ్యి వస్తుంది బాబాయ్."

చేతులు బాగానే వచ్చాయి. ఎన్నడూ ఆగనివాళ్ళు ఆగారు. పాతవాళ్ళూ వచ్చారు. "నాన్నకెలా ఉందమ్మా?" అంటూనే ఎప్పటిలా చెయ్యి అడుక్కు పోనిచ్చి సంచులు నింపుకున్నారు. ఒకపక్క తూకం, ఒకపక్క చిల్లర, మరోపక్క పలకరింపులకు జవాబులు. ఎవరి సంచిలోకి ఏం వెళుతోందో చూసే తీరిక ఆమెకు లేదు. ఎన్నడూ లేనంత త్వరగా ఇంటికొచ్చి, ఖాళీ గంపలు తండ్రి ముందు బోర్లించి చూపించింది.

మూడోవారం పాతవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఎవరూ తగవు పెట్టుకోలేదు. కాని ఒక్కొక్క కాయనూ తీసి, తిప్పి చూసి, వేలితో నొక్కి, అప్పుడు సంచిలో వేసుకుంటున్నారు. ఆమెకు మొదట ఏమీ అర్థం కాలేదు. ఆమె చిన్నప్పటి నుంచీ ఆ కొట్టుకే వచ్చే టీచరమ్మ వంకాయ తొడిమ కింద కూడా చూస్తుంటే నవ్వొచ్చింది.

"ఏంటి టీచరమ్మా, ఇవాళ కాయలకి పరీక్ష పెట్టారు?"

"పోయినవారం నేనే పరీక్ష తప్పాను కదమ్మా, అందుకని."

"అంటే?"

"ఎప్పట్లాగే అడుగు నుంచి ఏరుకున్నాను. ఇంటికెళ్ళి సంచి బోర్లిస్తే సగం పారెయ్యాల్సొచ్చింది. నిన్నేమీ అనట్లేదులే. కళ్ళుండీ చూసుకోనిది నేను."

"అయ్యో, వాటికి బదులు వేరేవి ఇస్తాను, ఉండండి."

"వద్దులేమ్మా. ఇకమీదట చూసుకుని తీసుకుంటాను."

నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇంటికొచ్చి తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పింది. చీవాట్లు తప్పవనుకుంది. ఆయన మోకాలు రాసుకుంటూ అడిగాడు.

"దెబ్బతిన్నవి నేను పైన ఎందుకు పెట్టేవాణ్ణో తెలుసా?"

"నిజాయితీ కోసం. సంతంతా అదేగా చెప్పుకుంటారు."

"నిజాయితీ లేదు, నా తలకాయా లేదు. దెబ్బతిన్నవి అడుగునుంటే బరువుకి చితికి, నీరు కారి, మంచివాటినీ పాడుచేసేవి. ముందు అవి వదిలితే చాలని పైన పడేసేవాణ్ణి. అది చూసి జనం 'ఎంత మంచివాడో' అన్నారు. అనేశాక ఇంకేం చేస్తాం? మంచివాడిగానే ఉండాల్సొచ్చింది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"వినడానికి బాగుంది కదా, చెప్పబుద్ధి కాలేదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆమె నవ్వు మాత్రం ఎక్కువసేపు నిలవలేదు. మళ్ళీ పాత పద్ధతిలో సర్దవచ్చు. కాని ఈ వారం మంచివి పైనా, అడుగునా అన్న అనుమానం ఒకసారి పుట్టాక, ఏ చెయ్యీ చూడకుండా లోపలికి వెళ్ళదు. ఆ నమ్మకం ఆయన ఏళ్ళ తరబడి నిలబడి తెచ్చుకున్నది. కొట్టుతో పాటు అది కూడా తనకు వచ్చేసిందనుకుంది. ఎవరిది వాళ్ళు సంపాదించుకోవలసిందేనని ఇప్పుడు తెలిసింది.

నెలాఖరు వారం ఆమె గంపలు తీసుకెళ్ళలేదు. రెండు వెడల్పాటి చెక్కబల్లలు వేసి, కాయలన్నీ ఒకే పొరగా, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచింది. దెబ్బతిన్నవి పక్కన వేరే పళ్ళెంలో, సగం ధరకు. బల్ల మీద పట్టేది కొంచెమే కాబట్టి, మాటిమాటికీ కిందికి వంగి పెట్టెల్లోంచి తీసి పరచాలి. ఆమె నడుం పట్టేసింది.

"గంపలేవమ్మాయ్, తాకట్టు పెట్టావా?" అన్నాడు తేనె బాబాయి.

"ఈ కొట్టుకిక అడుగు లేదు బాబాయ్. ఉన్నదంతా పైనే."

ఆ రోజు తండ్రి కర్ర పట్టుకుని వచ్చి, వెనకాల ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు. బేరం రెండోవారమంత చురుగ్గా లేదు. మధ్యాహ్నమైనా పెట్టెల్లో సరుకు మిగిలే ఉంది. అది ఆయనా చూశాడు, ఆమె కూడా చూసింది. కార్యదర్శి వచ్చింది అప్పుడే.

"ఏం పెద్దాయనా, ఏం తేల్చారు?"

తండ్రి మిగిలిన పెట్టెల వంక, వంగి కాయలు పరుస్తున్న కూతురి వంక చూశాడు. "నన్నడిగితే ఏం లాభం? నిలబడేది తను. తననే అడగండి."

"ఏమ్మా, మరి?"

ఆమె నడుం సరిచేసుకుని లేచింది. ఎదురుగా టీచరమ్మ ఒక టమాటాను వెలుతురుకు పట్టుకుని తిప్పి చూస్తోంది. ఆమె వెనక ఇద్దరు సంచులతో విసుగ్గా నిలబడ్డారు.

"ఆలస్యం చేస్తున్నానా అమ్మా?" అంది టీచరమ్మ.

"లేదండీ. నిదానంగా చూసుకోండి," అంది ఆమె. కార్యదర్శి వైపు తిరిగి, "కొట్టు ఉంచుకుంటామండీ," అని చెప్పి, తూకం పళ్ళెం తుడుచుకుని, టీచరమ్మ ఏరడం అయ్యేదాకా అలాగే నిలబడింది.