వానకచేరి అంతయ్య

"ఉష్ణోగ్రత, ఆర్దరత, వాయుపీడనం, వర్షపాతం..." అని గొణుక్కుంటూ అంతయ్య చెక్కగూడు తలుపు తెరిచాడు. రెండో మాట దగ్గర నాలుక మళ్ళీ మడతపడిందని అతనికే తెలిసి, తన చెంప మీద తానే ఒకటి గట్టిగా పెట్టుకున్నాడు. పొద్దు ఇంకా పొడవలేదు. గాలి మాత్రం అప్పుడే కాలిన పెనం మీంచి వస్తున్నట్టుంది.

ఊరి కొసన, బోథ్‌కు పోయే బాట పక్కన ముళ్ళతీగ కట్టిన చదరం అది. సర్కారు దానికేదో పేరు పెట్టింది గాని ఊరందరికీ అది వానకచేరి. నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లని చెక్కగూడు, అందులో రెండు గాజు గొట్టాలు. ఒకటి పొడిది. రెండోదాని బుడ్డికి గుడ్డ చుట్టి, గుడ్డ కొసను చిన్న గిన్నెడు మంచినీళ్ళలో ముంచి ఉంచాలి. రెంటికీ తేడా చూస్తే గాలిలో చెమ్మ ఎంతో తెలుస్తుంది. పక్కన గాలికి తిరిగే గిరక. ఇంకాస్త అవతల నేలలో సగం పాతి తాళం వేసిన రాగి గరాటు, వాన కొలవడానికి. మిరుగం కార్తె దాటిపోయినా ఈ ఏడు అందులో పడింది దుమ్మే. రోజూ తాళం తీసి ఆ దుమ్ము తుడిచి మళ్ళీ తాళం వేయడం అంతయ్య కొలువు.

బక్కమనిషి, వంగిన మెడ, ఎండకు చిట్లించి చిట్లించి సగం మూసుకుపోయిన కళ్ళు. ఊళ్ళో ఎవరి పెళ్ళిలోనూ అతణ్ణి పిలిచి ముందు కూర్చోబెట్టింది లేదు, ఎవరి పంచాయితీలోనూ అతని మాట అడిగింది లేదు. నైజాం కాలంలో ఒక ముసలి మున్షీ సాబ్ ఈ పని నేర్పాడు. వేడిమిని హరారత్ అనాలి, చెమ్మను రుతూబత్ అనాలి, గాలి బరువును దబావ్ అనాలి అని చెప్పాడు. ఆ మాటలు అంతయ్య నోట్లో తమలపాకులా నానిపోయాయి. రాజ్యం మారింది. మున్షీ సాబ్ కూతురి దగ్గరికని హైదరాబాదు వెళ్ళి మళ్ళీ రాలేదు. అంతయ్యను ఉండమన్నవాడూ లేడు, పొమ్మన్నవాడూ లేడు, అందుకే ఉండిపోయాడు.

ఇప్పుడు కొత్త సాహెబు వస్తున్నాడు. రేపే. ఆయన ప్రతిదాన్నీ తెలుగులో అడుగుతాడట. చెప్పలేనివాణ్ణి తీసేసి చదువుకున్న కుర్రాణ్ణి పెడతాడట. ఈ కబురు తెచ్చింది ఎదురింట్లో ఉండే తహసీలు గుమాస్తా లింగమూర్తి. మంచివాడే, పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చోబెట్టుకుని కొత్త మాటలన్నీ నోటితో నేర్పాడు. "నోట్లనే తిప్పుతుండు అంతయ్యా. ఆపినవంటె జారిపోతయి," అన్నాడు. అంతయ్య ఆపలేదు. దుమ్ము తుడుస్తూ, గిరక వైపు చూస్తూ, అన్నం తింటూ, పెదవులు కదుపుతూనే ఉన్నాడు. బాట మీద పోయేవాళ్ళు అది చూస్తున్నారన్న ఊసే అతనికి లేదు.

గంగుబాయి కుండతో వచ్చింది. అతని పెండ్లాం, పెన్‌గంగ అవతలి ఊరి పిల్ల. నుదురు చీలి నెత్తురు ముక్కు మీదుగా కారుతోంది. వాగు ఇసుకలో తవ్విన చెలిమె దగ్గర ఆడవాళ్ళు చెంబులతో కొట్టుకున్నారు. చెలిమెలో ఊరే నీళ్ళు ఒక్కొక్కరికి ఒక్క కుండైనా రావడం లేదు. వెంకటి పెండ్లాం, పోయిన వారమే పసిబిడ్డను వాంతులూ విరేచనాలతో పోగొట్టుకున్నది, ఇత్తడి చెంబుతో సూటిగా గంగుబాయి నుదుటి మీదే కొట్టింది.

"నీ మొగడు గుడ్డపేలికకు నీళ్ళు తాపుతుండు, మా పిల్లగాండ్లకు లెవ్వు అంటున్నరు," అంది గంగుబాయి కుండ దించి.

అంతయ్య ఆమె కొంగుతోనే నెత్తురు అద్దాడు. అద్ది, అదే కుండలోంచి చెంబుతో తేటనీరు ముంచి గూటిలోని గిన్నెలో పోశాడు.

"నా నెత్తురు కలిసిన నీళ్ళయి. గవి గూడ దానికేనా?"

"ఒక్క రేపటిదాక ఓర్చుకో. గుడ్డ ఎండితే లెక్క తప్పుతది, లెక్క తప్పితే కొలువు పోతది. కొలువు పోయినంక ఏం తింటం?"

గంగుబాయి కుండ అందుకుంది. మిగిలిన నీళ్ళు ఎత్తుకుని పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట నిజమేనని ఆమెకూ తెలుసు, అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

ఊరివాళ్ళు పిచ్చివాళ్ళేం కారు. వాళ్ళ కళ్ళముందు ఉన్నది చూశారు, అంతే. వాన కోసం దేవుళ్ళందరికీ మొక్కారు, కప్పకు పెళ్ళి చేశారు, కోళ్ళు కోశారు. అటు చూస్తే ఒక మనిషి రాగిగొట్టానికి తాళం వేసి, గుడ్డకు నీళ్ళు తాగిస్తూ, పొద్దంతా ఏదో చదువుతున్నాడు. వాన ఎప్పుడొస్తదని ఎన్నోసార్లు అడిగారు. "నేను పడ్డదాన్ని కొలుస్త, పడేదాన్ని చెప్ప," అనేవాడు అంతయ్య. నవ్వు కోసం అన్నాడు గాని ఎవరికీ నవ్వు రాలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అంతయ్య మళ్ళీ గూడు దగ్గరికి వెళ్ళేసరికి భూమవ్వ దూడ ముళ్ళతీగ తోసుకుని లోపలికి దూరి ఉంది. భూమవ్వ పొరుగింటి ముసలిది, వెంకటికి పెద్దమ్మ. ఆమెకున్నదల్లా ఆ బర్రెదూడ. డొక్కలు లోపలికి పోయి, ముళ్ళకు చీరుకుపోయిన ఒంటితో అది గూటిలో మూతి పెట్టి గిన్నె ఖాళీ చేసింది. అది చాలక తడిగుడ్డను పళ్ళతో పట్టి లాగుతోంది. గాజుగొట్టం వంకరగా వేలాడుతోంది.

అంతయ్య పరిగెత్తాడు. కర్ర అందుకున్నాడు. అతను ఎన్నడూ పశువును కొట్టినవాడు కాదు. ఆ రోజు కొట్టాడు. వీపు మీద, మెడ మీద, మూతి మీద, చేయి నొప్పెట్టే దాకా కొట్టాడు. కొడుతున్నంతసేపూ పెదవులు ఆగలేదు. ఆపితే వరస తప్పుతుందని భయం. "ఉష్ణోగ్రత," ఒక దెబ్బ, "వాయుపీడనం," ఒక దెబ్బ. దూడ ముందుకాళ్ళ మీద కూలబడింది, నాలుక బయట పెట్టింది, ఒక్కసారి తన్నుకుని ఊరుకుంది.

బాట మీద భూమవ్వ నిలబడి ఉంది. దెబ్బలు చూసింది, పెదవులూ చూసింది. గిర్రున తిరిగి ఊళ్ళోకి వెళ్ళింది.

దూడ చచ్చిందని తెలిసి అంతయ్య దాని పక్కనే కూర్చున్నాడు. ఎప్పుడో ఒకప్పుడు భూమవ్వకు ఇంకో దూడను తెచ్చివ్వాలనుకున్నాడు. పాపం తగులుతుందని భయపడ్డాడు. అయినా లేచి గొట్టాన్ని సరిచేశాడు, అది పగల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

ఎండ కాస్త వాలాక వాళ్ళు వచ్చారు. ముందు వెంకటి, వెనుక ఊళ్ళోని మగవాళ్ళు చాలామంది, చేతుల్లో గొడ్డలికామలు, కట్టెలు. గేటు తోయలేదు, ముళ్ళతీగనే తొక్కేసి లోపలికి వచ్చారు. వెంకటి మొదటి దెబ్బ చెవి మీద వేశాడు. అంతయ్య పడ్డాడు. పడ్డవాణ్ణి జుట్టు పట్టి లేపారు.

"ఏం చదువుతున్నవ్ రా? వానను కట్టినవ్. నా బిడ్డను మింగినవ్. గిప్పుడు దూడను మింగినవ్."

"చదువుడు కాదు వెంకటీ. కొలత మాటలవి. సాబ్‌కు చెప్పాలె, గందుకే..."

"మరి పెదవులెందుకు ఆడిస్తున్నవ్?"

"మరిచిపోతనని."

ఇంకో దెబ్బ. ఈసారి పక్కటెముకల మీద. అంతయ్య ఎదురింటి వైపు చూశాడు. లింగమూర్తి అరుగు మీదే నిలబడి ఉన్నాడు.

"పంతులూ, నువ్వు చెప్పు. నువ్వు నేర్పినయే కదా."

లింగమూర్తి నోరు తెరిచాడు. గొడ్డలికామ పట్టుకున్న ఒకడు అటు తిరిగి చూశాడు. లింగమూర్తి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది. చదువు నేర్పిన నోరే అంత పిరికిదైతే కర్ర పట్టినవాణ్ణి ఏమని ఏం లాభం!

అప్పుడు అంతయ్య చేయకూడని పని చేశాడు. ఇవి మంత్రాలు కావని తెలియాలంటే పైకి చెప్పడమే దారి అనుకున్నాడు పిచ్చివాడు. దాచుకుని గొణిగితేనే కదా అనుమానం, బహిరంగంగా వినిపిస్తే ఏముంది? "వినుండ్రి, మీరే వినుండ్రి," అని నెత్తురు ఉమ్మి, చేతులు కట్టుకుని, సాహెబు ముందు నిలబడ్డట్టే నిలబడి గొంతెత్తాడు. "ఉష్ణోగ్రత. ఆర్ద్రత. వాయుపీడనం. పవనవేగం. వర్షపాతం."

ఒక్కటి తప్పలేదు. ఇన్నాళ్ళూ తిరగని రెండో మాట కూడా గుడిలో పూజారి నోట పలికినట్టు పలికింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఎవరో చెవులు మూసుకున్నారు.

"మన ముంగటనే చదువుతుండు," అన్నాడు ఒకడు. అది చాలింది. కట్టెలు లేచాయి.

"ఆగుండ్రి. చంపుడు వద్దు," అంటూ కమ్మరి మల్లన్న అడ్డం వచ్చాడు. అంతయ్యకు చిన్ననాటి జతగాడు, గిరక బిగిసిపోతే నూనె వేసి సరిచేసే మనిషి. "నోట్ల పండ్లు తీసి ఇడుద్దాం. పండ్లు లేకుంటె మంత్రం పలకదు. బతుకుతడు."

ఆ మాట అందరికీ నచ్చింది. మంత్రగాడని పేరు పడ్డవాడికి పండ్లు పీకడం వాళ్ళ తాతలనాటి నుంచీ ఉన్నదే. మల్లన్న దయతోనే అన్నాడు, అదే ఈ కథలోని అన్యాయం. కొలిమికి వెళ్ళి పటకారు తెచ్చింది కూడా అతనే. వేరేవాడు పీకితే దవడ విరుగుతుందని భయపడ్డాడు.

చెక్కగూడు పక్కనున్న రాతి అరుగు మీద అంతయ్యను వెల్లకిలా పడుకోబెట్టారు. ఇద్దరు కాళ్ళ మీద కూర్చున్నారు, ఒకడు మోకాలితో గొంతు నొక్కాడు. "అంతన్నా, కదలకు, జర్రసేపే," అన్నాడు మల్లన్న. ముందుపండ్లు తేలిగ్గా వచ్చాయి. దవడపండ్లు రాలేదు. చెరుకు నమిలి పెరిగిన పండ్లు, ఎముకను పట్టుకుని ఉన్నాయి. మల్లన్న అరుగుకు కాలు తన్నిపెట్టి లాగాడు. గంగుబాయి ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి వెంకటి చేతిని కరిచింది. ఆమెను ఈడ్చి ముళ్ళతీగ మీదికి విసిరారు. అంతయ్య అరుపు మొదట అరుపులాగే ఉంది. తరవాత నీళ్ళలో మునిగినవాడు అరిచినట్టు అయింది. ఆ పైన గురగుర మాత్రమే మిగిలింది. చివరి పన్ను చిట్లి సగమే వచ్చినప్పుడు మల్లన్న చేతిలోంచి పటకారు అరుగు మీదికి జారిపోయింది. అతను లేచి, ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయాడు. పని అయిపోయిందని మిగిలినవాళ్ళూ వెళ్ళారు. ఒకడు పోతూ పోతూ గిన్నెలో నీళ్ళున్నాయేమోనని గూటిలోకి తొంగిచూశాడు.

గంగుబాయి మొగణ్ణి ఇంట్లోకి ఈడ్చుకుపోయి ఒడిలో పక్కకు తిప్పి పడుకోబెట్టింది. పొద్దుటి నీళ్ళలో మిగిలిన చెంబెడు నీళ్ళతో నోరు కడిగింది. నెత్తురు ఆగలేదు. లోపలికి పోయింది ఎంతో, బయటికి వచ్చింది ఎంతో ఎవరికీ తెలియదు.

పొద్దుగూకి గుడ్డివెలుగు పడే వేళకు అంతయ్య పెదవులు మళ్ళీ కదిలాయి. రేపటి భయం ఇంకా పోలేదు. మాటలు రావడం లేదు, గాలి వస్తోంది. బాట మీద అడుగుల చప్పుడైంది. గంగుబాయి గబుక్కున అతని నోటి మీద అరచెయ్యి పెట్టింది.

"సదువకు. ఎవలన్న ఇంటరు. నీకు దండం పెడ్త, సదువకు."

అరచేతి కింద పెదవులు కాసేపు కదిలాయి. ఊపిరి వేడిగా తగిలింది, తడిగా తగిలింది. తరవాత వేడి తగ్గింది. అడుగులు దూరమయ్యాయి. గంగుబాయి చెయ్యి తీయలేదు. ఇంక తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటేనని తెలిశాక కూడా చాలాసేపు తీయలేదు.

మర్నాడు సాహెబు జీపులో వచ్చాడు. వాన రాలేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. తొక్కేసిన ముళ్ళతీగను, ఉబ్బిన దూడను, ఎండిపోయిన గుడ్డను చూసి ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మనిషేడని అడిగాడు.

"జరమొచ్చి పోయిండు సార్. నిన్ననే," అన్నాడు లింగమూర్తి నేల చూస్తూ.

ఇంట్లోంచి గంగుబాయి ఏడుపు వినిపించడం లేదు. ఆమె ఏడవడం లేదు. సాహెబు రాతి అరుగు దగ్గర ఆగి, బూటు కొసతో పటకారును చూపిస్తూ, ఇదెవరిదని అడిగాడు. చేరినవాళ్ళలో మల్లన్న కూడా ఉన్నాడు. అతను జనం వెనక్కి జరిగాడు. జీపు వెళ్ళిపోయాక ఒక్కొక్కరే ఇళ్ళకు పోయారు. కొలిమి ఆ రోజు రాజలేదు, ఆ మర్నాడూ రాజలేదు. మల్లన్న ఆ పనిముట్టును తీసుకుపోవడానికి రాలేదు, ఇంకొకరు ముట్టలేదు. పటకారు ఆ అరుగు మీద, నోరు కాస్త తెరుచుకుని, జారిపడ్డచోటే ఉంది.