ఖాళీనే బిడ్డా

టప్.

ఇప్పపువ్వు రాలిన చప్పుడు.

కాసేపు ఏమీ లేదు... మళ్లీ టప్.

తెల్లవారుతోంది. చెట్టు కింద నేలంతా ముందే ఊడ్చి ఉంది. ఊడ్చిన నేల మీద లేతపసుపు పూలు. గాలి నిండా తీపి వాసన. పొద్దెక్కితే తల తిప్పే వాసన.

వెంకమ్మ వంగి ఏరుతోంది. అరవై దాటిన నడుము. గంప సగం నిండింది.

నేను ఆమె ఇంటి ముందు మంచం మీద కూర్చుని చూస్తున్నాను. చర్ల దాటి ఈ గూడెం చేరేసరికి నిన్న సాయంత్రమైంది. దారిలో పోలీసు క్యాంపు దగ్గర పుస్తకంలో పేరు రాశాను — హేమలత. పని అన్న గడి దగ్గర ఎప్పుడూ చెయ్యి ఆగుతుంది. వాతావరణ విధాన విశ్లేషకురాలు అంటే గడి చాలదు. సర్వే అని రాసి ఊరుకుంటాను.

ఎండలు ముదురుతున్న చోట ముందు ఎవరికి నీడ కావాలో, ఎవరికి నీళ్లు కావాలో తేల్చి హైదరాబాదుకు చెప్పడం నా ఉద్యోగం. ఎనిమిదేళ్లుగా అదే. అలసిపోయాను. దాపరికమెందుకు — బాగా అలసిపోయాను.

నిన్న వచ్చింది ఒక మాట చెప్పడానికి. ఈ వేసవికి నీళ్ల ట్యాంకు, చలువ పందిరి, వారానికోసారి నర్సు... అవి అందే ఊళ్ల జాబితాలో ఈ గూడెం లేదు. ఇక్కడ ఎండాకాలం ఎవరూ బయట పని చేయరట. నా సర్వేనే ఆ మాట చెప్పింది.

చెప్పలేకపోయాను. వెంకమ్మ జావ పోసింది. తాగి పడుకున్నాను.

"ఇంత పొద్దున్నే ఏంది అవ్వా?"

"ఏం లేదు బిడ్డా. ఖాళీనే కద, పూలకొచ్చిన."

ఖాళీనే.

ఆ మాట ఇంతకుముందు విన్నాను. పోయిన శ్రావణంలో, వాన పడుతుంటే, ఈ చూరు కిందే ఫోన్‌లో సర్వే ఫామ్ తెరిచి అడిగాను — మార్చి నుంచి మే దాకా ఏం పని అవ్వా?

"ఏం పనుంటది. ఖాళీనే."

పంట లేకపోతే ఖాళీ. కూలి లేకపోతే ఖాళీ. పూలు ఏరడం పని కాదు. పూల తర్వాత బీడీలకు తునికాకు కోసి, కట్టలు కట్టి, నెత్తిన మోసుకు రావడం పని కాదు.

ఖాళీ అని నొక్కాను.

నొక్కగానే ఫోన్ ఏడు ప్రశ్నలను దానంతట అదే దాటేసింది. పని లేనివాళ్లను పని గురించి అడగక్కర్లేదు కదా. టైమ్ మిగిలిందని సంతోషించాను కూడా. ఆ రోజు ఇంకా పన్నెండు ఇళ్లున్నాయి.

నేను జూలూరుపాడు దగ్గర తండాలో పుట్టినదాన్ని. మా అమ్మను యాడీ అని పిలుస్తాను. యాడి చీకటితో కట్టెలకు పోయేది. వచ్చి గొడ్లకు నీళ్లు పెట్టేది. ఎవరైనా అడిగితే, ఖాళీగనే ఉన్న, అనేది. వింటూ పెరిగాను. అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా అంటారు.

తెలిసే నొక్కాను. నా మీద నాకు కోపం అందుకే.

లేచి వెళ్లి వెంకమ్మ పక్కన వంగాను. గుప్పెడు పూలు ఏరేసరికి నడుము పట్టేసింది.

"అవ్వా... పోయినేడు తునికాకు కోసేటప్పుడు ఎవరికన్న ఎండదెబ్బ తగిలిందా?"

దాటిపోయిన ఏడింటిలో ఐదో ప్రశ్న.

వెంకమ్మ చెయ్యి ఆగలేదు.

"పుష్పకు."

"పుష్ప ఎవరు?"

"నా బిడ్డ. నెత్తి మీద ఆకు కట్ట అట్లనే ఉంది, కూలబడ్డది. మంచంల ఏసుకొని చర్ల దవాఖానకు మోసిన్రు. నడుమ తొవ్వలనే పోయింది."

టప్.

"వానల్ల నేనొచ్చినప్పుడు చెప్పలేదేంది అవ్వా?"

"నువ్వు అడగలే బిడ్డా."

అంతే అంది. నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేది.

సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాను. నా పైఅధికారి భార్గవి నిద్రగొంతుతో ఫోన్ ఎత్తింది.

"లిస్టు మొన్ననే పైకి పోయింది హేమా. ఫామ్ సరిచేసి పంపు. వచ్చే ఏడాదికి తప్పకుండా..."

లైన్ తెగింది.

వచ్చే ఏడాది. చేతులు కాలాక ఆకులు. ఇక్కడ ఆకులకు పోయే చేతులే కాలుతున్నాయి.

నెల తిరిగితే తునికాకు కోత. వెంకమ్మ పోతుంది. పుష్ప లేదు కనుక ఇద్దరి ఆకూ తానే కోస్తుంది. నీడ ఉండదు. నీళ్లు వాగు దగ్గరే. వాగు అప్పటికి ఎండిపోతుంది...

దిగి వచ్చి చెప్పేశాను.

"జాబితాలో మీ గూడెం లేదు అవ్వా. తప్పు నాది. నేనే తప్పు రాసిన."

వెంకమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"అయితే మల్ల అడుగు," అంది. "అన్నీ అడుగు. చెప్త. నాకేం పనుంది, ఖాళీనే."

అని మళ్లీ వంగింది.

ఫోన్ తెరిచాను. మార్చి నుంచి మే దాకా ఏం పని? కింద నాలుగు గడులు. వ్యవసాయం. కూలి. ఉద్యోగం. ఖాళీ.

పువ్వు లేదు. ఆకు లేదు.

ఎండ చెట్టు నడిమికి దిగింది. వెంకమ్మ గంప నిండుతోంది. నా వేలు ఇంకా దేన్నీ నొక్కలేదు.

టప్...