జాజు ముద్ర

కోదాడలో మేం కిరాయికి తీసుకున్న గదికి ఒకటే కిటికీ. దాని కింద కొత్త గ్యాస్ పొయ్యి, పొయ్యి పక్కన నీలం బకెట్టు, ఆ పక్కన పాత కంప్యూటరు. సురేందర్ పనిచేసే కంప్యూటర్ సెంటర్లో మూలన పడేస్తే అడిగి తెచ్చుకున్నాడు. కొత్త కాపురం కదా, ఆ బకెట్టును చూసినా నాకు నవ్వొచ్చేది. నా సొంత బకెట్టు! పాలు పొంగి పొయ్యి మీద పడ్డా సంబరమే. కానీ మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, మంట తగ్గించి ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. చప్పుడు మా గుమ్మం దాటి పైకి వెళ్లిపోయాకే మళ్లీ టీ.

మాది నేరేడుచర్ల దగ్గర పల్లె. గొర్రెలు కాసుకునే ఇల్లు. సురేందర్ వాళ్లది సూర్యాపేట, చర్చికి వెళ్లే కుటుంబం. డిగ్రీలో కలిశాం, రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. ఆ రోజు నుంచి మా బాపు మంగయ్య నా పేరెత్తలేదట. చిన్నబాపు కొడుకు సతీష్ మాత్రం మనుషుల్ని వెంటేసుకుని సూర్యాపేట వెళ్లి, మా అత్తగారింటి తలుపు విరగ్గొట్టి వచ్చాడు. మా అన్న లక్ష్మణ్ ఫోన్లో ఒక్క మాటే అన్నాడు. "నువ్వు సచ్చినవనుకుంటం. ఇగ ఫోన్ చెయ్యకు."

మేం కోదాడలో ఉన్నామని ఎవరికీ తెలియకూడదు. నాకున్న పెద్ద పని అదే.

రెండో పని 'బలపం'. అది తెలుగులో టైపు చేసే సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలి కోడు చూసి మార్చుకోవచ్చు. సూర్యాపేటలో లెక్చరర్ సేవ్యా సార్ మొదలుపెట్టారు, మాలాంటివాళ్లం ఊరూరి నుంచి తలో చెయ్యి వేసేవాళ్లం. నేను 'బంతి' అనే పేరుతో జనం సందేహాలకు జవాబులిచ్చేదాన్ని. అంతా గ్రూపు మెయిల్లోనే. అడిగిందే అడుగుతారు, చెప్పిందే చెబుతాం. అందరికీ విసుగొచ్చింది. సాయం కోసం వచ్చేవాళ్లకు ఒక మంచి చోటు ఎంచుకుందామని ఒక ఆదివారం అందరం చాట్‌లో కూర్చున్నాం.

"ఫేస్‌బుక్ గ్రూపు పెడ్దాం. జనమంత గాడనే ఉన్నరు," అన్నారు సేవ్యా సార్.

ఫేస్‌బుక్ అంటే అసలు పేరు, ఫొటో, ఎవరికి ఎవరు స్నేహితులో ఆ వరస. మా వాళ్లు ఒక్క పూటలో పట్టేస్తారు.

"వద్దు సార్, మనదే ఒక ఫోరం పెట్టుకుందాం. ఎవరికి నచ్చిన పేరు వాళ్లు పెట్టుకోవచ్చు," అని కొట్టాను.

"బంతి మేడమ్, పేరు జెప్పుకోనీకి గంత సిగ్గా?"

"సిగ్గు గాదు సార్. ఫేస్‌బుక్‌ల పాత జవాబు ఎంత దేవులాడినా దొరకది. ఫోరంల ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ ఉంటది. గూగుల్ల గూడ దొరుకుతది. ఇప్పుడు ఎవరెవరున్నరో కింద సూపెడ్తది, ఉన్నోళ్లు అప్పటికప్పుడే జవాబియ్యొచ్చు."

వెనక నిలబడ్డ సురేందర్ నా జడ లాగాడు. "వకీలు సదువు సదవకపోతివి!"

ఓట్లు వేస్తే ఫోరమే గెలిచింది. ఆ సాయంత్రం సురేందర్ మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. గెలిచిన సంబరంలో తింటూనే, సార్ అప్పటికప్పుడు తెరిచిన ఫోరంలో చేరాను. పేరు పక్కన చిన్న బొమ్మ పెట్టుకోవచ్చని కనబడింది. ఎర్ర రంగుతో సగం చందమామ, దాని కడుపులో ఒక చుక్క గీశాను.

"గిదేంది, గుడ్డు పగిలిందా?" అన్నాడు సురేందర్.

"కాదు, మా గొర్రెల ముద్ర!"

మా అమ్మ పద్మమ్మ జాజు, అదే ఎర్రమట్టి, తడిపి, అందులో వేళ్లు ముంచి, ప్రతి గొర్రె నడుం మీదా ఆ ముద్ర వేస్తుంది. ఒక్కో ఇంటికి ఒక్కో ముద్ర. మందలు కలిసిపోయినా, గొర్రె తప్పిపోయినా, ముద్ర చూసినవాళ్లు ఇంటికి తోలుకొస్తారు. పేరు దాచాను, ఫొటో దాచాను. ముద్ర మాత్రం అందంగా ఉందని పెట్టుకున్నాను. ఇంకేమీ తోచలేదు.

వరికోతలప్పుడు ఒక మధ్యాహ్నం కొత్త ప్రశ్న వచ్చింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. తెలుగు కనబడనివాళ్లు అలాగే అడుగుతారు, మేమూ వాళ్లకు అలాగే జవాబిస్తాం. "మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఆఫీసులో చేస్తాను. బలపంతో బిల్లు కొడితే అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి. ఏం చేయాలి?" కింద పేరు, లక్ష్మణ్.

మా అన్న చేసేదీ మిర్యాలగూడ మిల్లులోనే. అక్కడ మిల్లులెన్ని, లక్ష్మణ్‌లెందరు అనుకుంటూ జవాబు మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఇంకో వరస వచ్చింది.

"బంతి గారూ, మీ పేరు పక్కనున్న బొమ్మ ఎక్కడిది?"

కొట్టడం ఆపేశాను. పేజీ అడుగున కనబడుతోంది, 'ఇప్పుడు ఫోరంలో ఉన్నవారు: బంతి, లక్ష్మణ్.' నేను వాదించి తెచ్చుకున్న సౌకర్యమే. నేనిక్కడున్నానని అన్న చూస్తున్నాడు.

సురేందర్‌కు ఫోన్ చేశాను. "అన్నకు దొరికిపోయిన."

"ఇంటికొచ్చిండా?"

"ఫోరంలకు. ముద్ర గుర్తువట్టిండు."

"ఊరు తెల్వది గద?"

"నేనెందుకు జెప్త?" అంటూనే నా పాత జవాబులన్నీ తిప్పాను. ఒకచోట నా వేలు ఆగింది. 'కోదాడలో కరెంటు పోయింది, రాగానే చెప్తాను.' ఎవరికో మొన్న రాసిందే.

"ధనా? వింటున్నవా?"

"రాసిన. కోదాడ అని రాసిన."

"గొళ్ళెం వెట్టు. బట్టలు సర్దు. వస్తున్న."

గొళ్ళెం పెట్టాను. పళ్లాలు, గిన్నెలు, గ్లాసులు నీలం బకెట్టులో సర్దుతుంటే గలగలమన్నాయి. ఆ చప్పుడుకూ భయమేసింది. అతన్ని ఫోరంలోంచి తీసెయ్యడానికి నాకు వీలుంది. తీసేస్తే నేనేనని చెప్పినట్టే. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగా కంప్యూటర్ టింగుమంది. లక్ష్మణ్ నుంచి, నాకొక్కదానికే కనబడే సందేశం. తెరవడానికి ముందు చేతులు చీర కొంగుకు తుడుచుకున్నాను.

"చెల్లె. కోదాడ అని రాసినవ్, అది తీసెయ్. ముద్ర గూడ తీసెయ్. సతీష్‌గాడు మా మిల్లులనే చేరిండు, నా పక్క కుర్సీనే. బువ్వ తిన వోయిండు, వస్తడు. రేపటి సంది గీ డబ్బాల పని వాడే సూస్తడు, గీ ఫోరం గూడ తెరుస్తడు. అమ్మకు జెప్త, మంచిగున్నదని. బాపుకు జెప్ప. నాకు జవాబియ్యకు. ఇచ్చేదుంటే డబ్బాల సంగతి అందరి ముంగట ఇయ్యి."

మళ్లీ చదివాను. నమ్మాలా? మేం పారిపోకుండా ఆపడానికి సతీషే పక్కన కూర్చుని రాయించాడేమో. కానీ పట్టుకోవాలనుకునేవాడు ఊరి పేరు తీసెయ్యమని ఎందుకంటాడు? బువ్వ తినడానికి ఎంతసేపు పడుతుంది?

కోదాడ తీసేశాను. ముద్ర తీసేశాను. బొమ్మ గురించి అన్న అడిగిన వరస కూడా తీసేశాను. నా పేరు పక్కన బూడిదరంగు గడి మిగిలింది. ఆ తర్వాత, కొట్టిందే చెరిపి మళ్లీ కొడుతూ, జవాబు పూర్తి చేశాను.

"లక్ష్మణ్ గారికి నమస్కారం. డబ్బాలు వస్తే కంగారు పడకండి. మీ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదు, అంతే. మీరు కొట్టిన అక్షరాలు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాయి. కింది ఫాంటు వేసుకుంటే అన్నీ కనబడతాయి. ఇంట్లో అందరూ..."

ఆఖరి రెండు మాటలూ చెరిపేసి పంపాను.

కాసేపటికి కింద ఇంకో వరస వచ్చింది. "వచ్చినయి. థాంక్స్ మేడమ్." ఈసారి తెలుగు అక్షరాల్లో. వెంటనే అడుగున ఆ పేరు మాయమైంది. బంతి ఒక్కతే మిగిలింది.

తలుపు తట్టిన చప్పుడు. "నేనే," అన్నాడు సురేందర్. గొంతు తెలిసినా కిటికీలోంచి చూశాకే తీశాను. చొక్కా అంతా చెమట. లోపలికి రాగానే గొళ్ళెం పెట్టి, ఆ సందేశం నిలబడే చదివాడు.

"పోదమా, ఉందమా?" అన్నాడు.

"అన్న అమ్మకు జెప్తనన్నడు."

"నేనడిగింది అది గాదు ధనా."

జవాబు చెప్పేలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడు. సురేందర్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం కదల్లేదు. చప్పుడు మా గుమ్మం దగ్గరికొచ్చింది, దాటింది, పైకి వెళ్లిపోయింది.

బకెట్టులోంచి టీ గిన్నె, రెండు గ్లాసులు తీశాను. మిగతావి అందులోనే ఉంచాను.